కొత్త బ్లాకులోకి ‘వారంలో మారిపోవచ్చు’ అన్న మాటకు ఒక నర్సు జవాబు

హైదరాబాద్ వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం చేతులు మారుతూ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: “సర్కారు దవాఖానాలకు కొత్త బ్లాకులు కట్టారు, రంగులు వేశారు, ఏసీలు బిగించారు. మంచాలు, మిషన్లు జరపడానికి వారం చాలు. 2020లో ఉస్మానియాను రోజుల్లో ఖాళీ చేయలేదా? పరీక్షలు, అనుమతులు అనేవి రిబ్బను కత్తిరించేదాకా చెప్పే సాకులు. సగం సేవలు పాత భవనంలో, సగం కొత్త దాంట్లో పెట్టి రోగులను తిప్పే బదులు ఒకే రాత్రి అంతా మార్చేయాలి.”

ఇరవై ఏళ్లు ఐసీయూలో నర్సుగా పనిచేశాను. రెండుసార్లు వార్డులను కొత్త కట్టడంలోకి తరలించిన జట్టులో ఉన్నాను. ఒకే మంచం మీద ఇద్దరేసి రోగులు పడుకున్న వార్డు కిటికీలోంచి, తాళం వేసి ఉన్న కొత్త బ్లాకు కనిపిస్తుంటే కలిగే కోపం నాకు తెలియనిది కాదు. అయినా ఈ సందేశంలోని మాటల్లో చాలా వరకు తప్పు, ఒకటి రెండు ప్రమాదకరం కూడా.

ముందుగా ఉస్మానియా ఆస్పత్రి సంగతి. అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున ఉన్న ఆ పాత భవనం వార్డుల్లోకి 2020 జులైలో వాననీరు, మురుగునీరు చేరాయి. ఆ నెలాఖరుకు భవనాన్ని ఖాళీ చేసి మూసివేశారు. అంతవరకు నిజమే. అయితే ఆ రోగులను తీసుకువెళ్లింది అదే ఆవరణలో అప్పటికే నడుస్తున్న ఇతర భవనాల్లోకి. అక్కడ ఆక్సిజన్ పైపులు, కరెంటు, ల్యాబు, సిబ్బంది అన్నీ ముందు రోజు కూడా పనిచేస్తూనే ఉన్నాయి. మునుగుతున్న ఇంట్లోంచి పక్కింట్లోకి పరుగెత్తడాన్ని గృహప్రవేశంతో పోల్చలేము. ఆ తరలింపు వల్ల వచ్చిన ఇరుకును రోగులు ఏళ్ల తరబడి భరించారు. గోషామహల్‌లో ఉస్మానియా కొత్త ఆస్పత్రికి శంకుస్థాపన జరిగింది 2025 జనవరి 31న.

ఇక “పరీక్షలు సాకులు” అన్న మాట. నాకు అన్నిటికంటే బాధ కలిగించింది ఇదే కాబట్టి దీని మీద కాస్త ఎక్కువ చెప్పాలి.

గోడలో ఉండే ఆక్సిజన్ పాయింటు పక్కనే వాక్యూమ్, గాలి, ఆపరేషన్ థియేటరు (ఓటీ)లో అయితే మత్తుకు వాడే నైట్రస్ ఆక్సైడ్ పాయింట్లు కూడా ఉంటాయి. ఫాల్స్ సీలింగ్ వెనుక ఈ పైపులన్నీ పక్కపక్కనే సాగుతాయి. ఒక్కచోట అతుకు మారితే చూసేవారికి ఏ తేడా కనిపించదు. అందుకే ఒక్క గ్యాసును మాత్రమే పైపులోకి వదిలి, మిగతావన్నీ సున్నా ఒత్తిడి మీద ఉంచి, భవనంలోని ప్రతి పాయింటునూ తెరిచి చూడాలి. తరువాత రెండో గ్యాసుతో, ఆ తరువాత మూడో దానితో మళ్లీ మొదటి నుంచి అదే పని. ఆక్సిజన్ పాయింటు దగ్గర ఒత్తిడి సుమారు 4 బార్ ఉండాలి. అక్కడ వస్తున్నది ఆక్సిజనేనని అనలైజరుతో కొలిచి రాసుకోవాలి. ఈ పని సరిగా జరగకపోతే ఏమవుతుందో సిడ్నీలోని బ్యాంక్‌స్‌టౌన్-లిడ్‌కూంబ్ ఆస్పత్రిలో 2016లో బయటపడింది. అంతకు ముందు ఏడాది ఓటీలో బిగించిన ఆక్సిజన్ పాయింటులోంచి, పుట్టీ పుట్టని పసికందులకు నైట్రస్ ఆక్సైడ్ అందింది. ఒక శిశువు చనిపోయింది, మరో శిశువు మెదడు దెబ్బతింది. ఆ గోడ చూడటానికి కొత్తగా, శుభ్రంగానే ఉంది.

గాలి సంగతీ అంతే. మన దేశంలో ఆస్పత్రుల నాణ్యతకు గుర్తింపు ఇచ్చే ఎన్‌ఏబీహెచ్ మార్గదర్శకాల ప్రకారం ఓటీలో గంటకు కనీసం 20 సార్లు గాలి మారాలి, లోపలి ఒత్తిడి బయటికంటే ఎక్కువగా ఉండాలి. క్షయ రోగిని ఉంచే ఐసొలేషన్ గదిలో ఇందుకు పూర్తిగా తిరగబడి, గాలి లోపలికే రావాలి గాని వరండాలోకి పోకూడదు. “ఏసీలు బిగించారు” అన్న రెండు మాటల్లో ఇవేవీ తేలవు. ఎడిన్‌బరోలో పిల్లల ఆస్పత్రిని కొత్త భవనంలోకి 2019 జులై 9న మార్చాలని అంతా సిద్ధం చేసుకున్నారు. క్రిటికల్ కేర్‌లో గంటకు 10 సార్లు మారవలసిన గాలి 4 సార్లే మారుతోందని తేలడంతో జులై 4న స్కాట్లాండ్ ఆరోగ్య మంత్రి ఆ తరలింపును నిలిపివేశారు. సరిచేసి పూర్తిగా తెరిచేసరికి 2021 మార్చి వచ్చింది. నన్నడిగితే, అక్కడ తప్పు కట్టడంలో జరిగింది గాని, ఆపడంలో జరగలేదు.

అనుమతులను గురించి క్లుప్తంగా చెబుతాను. సీటీ, ఎక్స్‌రే యంత్రాలను కొత్త గదిలో బిగించాక రేడియేషన్ బయటికి రావడం లేదని కొలిచి అణుశక్తి నియంత్రణ మండలి (ఏఈఆర్‌బీ) అనుమతి తీసుకోవాలి. అల్ట్రాసౌండ్ స్కానింగ్ యంత్రం చోటు మారుతుంటే, గర్భస్థ శిశువు లింగ నిర్ధారణను నిషేధించే పీసీపీఎన్‌డీటీ చట్టం నిబంధనల ప్రకారం కనీసం 30 రోజుల ముందు సంబంధిత అధికారికి తెలియజేయాలి. బ్లడ్ బ్యాంకు లైసెన్సు ఆ చిరునామాకు, ఆ గదులకు ఇచ్చినది. ఫ్రిజ్‌లు మోసుకుపోతే లైసెన్సు వెంట రాదు.

“ఒకే రాత్రి అంతా మార్చేయాలి” అనేవారు వెంటిలేటర్ మీద ఉన్న ఒక్క రోగిని మార్చడం ఎప్పుడైనా దగ్గరుండి చూశారో లేదో. రోగి వెంట తీసుకువెళ్లే బి-టైప్ సిలిండరులో సుమారు 1,500 లీటర్ల ఆక్సిజన్ పడుతుంది. నిమిషానికి 10 లీటర్లు వాడితే నిండు సిలిండరు రెండున్నర గంటలు వస్తుంది. లెక్క ప్రకారం సరిపోతుంది, లిఫ్టు ఆగిపోనంత వరకు. ఒక్కో రోగికి ఒక డాక్టరు, ఒక నర్సు, స్ట్రెచర్ దగ్గర ఇద్దరు కావాలి. అదే గంటలో పాత ఐసీయూలో మిగిలినవారిని చూసే మనుషులు కూడా కావాలి. నేను పనిచేసిన ఒక ఆస్పత్రిలో తరలింపుకు ముందు బొమ్మను స్ట్రెచర్ మీద పడుకోబెట్టి క్యాజువాలిటీ నుంచి కొత్త ఓటీ దాకా మాక్ డ్రిల్ చేశాము. పదకొండు నిమిషాలు పట్టింది. కారణం ఏమిటంటే, స్ట్రెచర్ పట్టే లిఫ్టు తాళంచెవి కింద సెక్యూరిటీ గార్డు దగ్గర ఉంది, ఆయన భోజనానికి వెళ్లాడు. ఆ రోజు బొమ్మ బదులు రక్తస్రావంతో వచ్చిన బాలింత ఉండి ఉంటే అన్న ఆలోచన ఆ రాత్రి నన్ను నిద్రపోనివ్వలేదు. మరో రెండు డ్రిల్స్ తరువాత సమయం నాలుగు నిమిషాలకు తగ్గింది.

సందేశంలో ఒక్క మాటలో మాత్రం న్యాయం ఉంది. సేవలను రెండు భవనాల మధ్య అడ్డదిడ్డంగా చీలిస్తే రోగికి నిజంగానే నరకం. అయితే దానికి మందు ఒకే రాత్రి మార్చడం కాదు, ఏది ఏ వరుసలో మారాలో తెలిసి మార్చడం. ఓపీ ముందుగా వెళ్లినా పెద్దగా ప్రమాదం లేదు. మందుల కౌంటరు, రక్త నమూనాలు తీసుకునే గది మాత్రం దానితోపాటే వెళ్లాలి. ఓటీ, ఐసీయూ, రక్తం నిల్వ చేసే చోటు ఒకదాన్నొకటి విడిచి ఉండకూడదు. క్యాజువాలిటీ మారే రోజు 108 సిబ్బందికి ముందే తెలియాలి. పాత గేటు దగ్గర కొన్ని రోజులపాటు మనిషిని, స్ట్రెచరును ఉంచాలి, ఎందుకంటే ఆటోలో వచ్చే కుటుంబం తనకు తెలిసిన గేటుకే వస్తుంది.

ఆలస్యాలన్నీ పరీక్షల వల్లనే అని నేను అనడం లేదు. గోడలు లేచాక గాని యంత్రాలకు టెండర్లు పిలవకపోవడం, పోస్టులు మంజూరు చేయకుండా బ్లాకు కట్టడం, నాయకుల తీరిక కోసం ఆగడం నిజమైన తప్పులే, వాటిని నిలదీయవలసిందే. ఆ నిలదీయడానికి పనికివచ్చేది “ఇంకా ఎందుకు తెరవలేదు” అన్న ప్రశ్న కాదు. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు పెట్టి ఇవి అడగండి: గ్యాసు పైపుల పరీక్ష ఏ తేదీన ముగిసింది, ఓటీల గాలి కొలతల నివేదిక ఎక్కడ ఉంది, అగ్నిమాపక శాఖ అనుమతి (ఫైర్ ఎన్‌ఓసీ) వచ్చిందా, జనరేటరు మీద భవనాన్ని ఎన్నిసార్లు నడిపి చూశారు, కొత్త బ్లాకుకు మంజూరైన నర్సు పోస్టులెన్ని, వాటిలో భర్తీ అయినవెన్ని. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.