మా ఆయన 135 డిగ్రీలు

నడుము నొప్పికి డాక్టరుగారు చెప్పినవి రెండే మాటలు: రోజూ నడవండి, మంచి కుర్చీ కొనుక్కోండి. మొదటిది మా ఆయన చెవిన పడలేదు. రెండోది మాత్రం మంత్రోపదేశంలా పనిచేసింది.

ఆ రాత్రంతా కూర్చుని చదివారు. 2006లో స్కాట్లాండ్‌లో కొంతమందిని ఎంఆర్ఐలో రకరకాల భంగిమల్లో కూర్చోబెట్టి చూశారట. నిటారుగా 90 డిగ్రీల్లో కూర్చున్నవాళ్ల కంటే, 135 డిగ్రీల్లో వెనక్కి వాలినవాళ్ల వెన్ను డిస్కుల మీద ఒత్తిడి తక్కువగా ఉందట. "చిన్నప్పటి నుంచీ నిటారుగా కూర్చోమని చంపుకుతిన్నారు కదా నాన్నా" అని పొద్దున్నే మామయ్యగారి మీద కేసు పెట్టారు. ఆయన పేపర్లోంచి తల ఎత్తకుండా "నువ్వెప్పుడు కూర్చున్నావురా" అన్నారు.

ఇక వేట. ఆదివారం హైటెక్ సిటీలో ఐకియాకి బయల్దేరాం. 2018లో అది తెరిచిన కొత్తలో జనం తోసుకుంటుంటే నవ్విన మనిషి, ఇప్పుడు జేబులో మా వాడి జామెట్రీ బాక్సులోని ప్రొట్రాక్టర్ పెట్టుకుని వచ్చారు. ఆయన కుర్చీలో వాలడం, మా వాడు నడుము దగ్గర ప్రొట్రాక్టర్ ఆనించి "నూట పది... నాన్నా, ఇంకొంచెం" అనడం. పక్కన సోఫాల మీద సేదతీరుతున్న కుటుంబాలు మమ్మల్ని చూసి కాస్త సర్దుకుని కూర్చున్నాయి. ఏదీ నచ్చలేదు. నచ్చిందల్లా ఫోన్లో ఉంది: 1994లో అమెరికాలో పుట్టిన ఏరాన్ అనే వల అల్లిక కుర్చీ. కొత్తది లక్ష దాటుతుంది. ఆ డబ్బుతో ఇంట్లో అందరి నడుములకీ వైద్యం చేయించొచ్చు అన్నాను.

చివరికి బాలానగర్ వైపు ఒక గోడౌన్‌కి వెళ్లారు. మాదాపూర్, గచ్చిబౌలిల్లో ఆఫీసులు ఖాళీ చేసిన కంపెనీల కుర్చీలు అక్కడికి చేరతాయి. కాళ్లు పైకెత్తి ఒకదాని మీద ఒకటి పడున్న వందల కుర్చీల మధ్య నుంచి అబ్బాయి ఒకటి లాగి, గుడ్డతో దులిపి, "మేనేజర్ కుర్చీ సార్, కూర్చున్నదే తక్కువ" అన్నాడట. మేనేజర్లు కూర్చోకుండా ఏం చేస్తారో మా ఆయన అడగలేదు. ట్రాలీ ఆటోలో మల్కాజ్‌గిరి తెచ్చారు.

నిజం చెప్పాలంటే వాలడం బాగానే వాలుతుంది. కుడివైపు మీట ఎత్తుకి, ఎడమవైపు మీట వాలు బిగించడానికి. సీటు కింద గుండ్రటి బిరడా తిప్పితే స్ప్రింగు బిగువు మన బరువుకి తగ్గట్టు మారుతుంది. మూడూ సీటు కిందే, కనపడకుండా ఉంటాయి.

మంగళవారం రాత్రి అమెరికా వాళ్లతో మీటింగ్. మొదట్లో మా ఆయన ఛాతీ దాకా కనిపించారు. పది నిమిషాలకి మెడ. ఆ తర్వాత గడ్డం తెర అంచుకి ఆనింది. కుర్చీ చప్పుడు లేకుండా దిగిపోతోంది. కళ్లు మాత్రమే మిగిలాక, కొంచెం లేచి మీట కోసం తడిమారు. దొరికింది ఎడమది. వాల్చి బిగించి ఉన్న వీపు పలక, మీద బరువు లేకపోయేసరికి ఒక్కసారి ముందుకొచ్చి దభీమని వీపు మీద ఇచ్చింది. కంగారుగా వెనక్కి పడ్డారు. అది ఈసారి హాయిగా 135కి వాలింది. తెర మీద గోడ, దాని మీద వెంకటేశ్వరస్వామి క్యాలెండర్ మిగిలాయి. నెలాఖరు డెలివరీ సంగతేంటని అమెరికా వాళ్లు స్వామివారినే అడిగారు. కింద నుంచి ఒక గొంతు "అయిపోతుంది" అని హామీ ఇచ్చింది.

గోడౌన్‌కి ఫోన్ చేస్తే, సీట్ కింది సిలిండర్‌లో గ్యాస్ పోయిందన్నాడు. అందులో ఒత్తిడితో నింపిన నైట్రోజన్ ఉంటుంది, సీలు అరిగితే మెల్లగా కారిపోతుంది. అత్తయ్యగారికి ఇందులో సిలిండర్ అన్న ఒక్క మాటే వినపడింది. ఆ రోజు నుంచి ఆ గదిలో అగరొత్తి వెలిగించనివ్వడం లేదు.

మామయ్యగారు మాట్లాడకుండా పెరట్లోకి వెళ్లి, బాత్రూం రిపేరులో మిగిలిన పీవీసీ పైపు ముక్క తెచ్చారు. హెక్సా బ్లేడుతో పొడవునా చీల్చి, సీటు పైకెత్తి, మెరుస్తున్న రాడ్డు చుట్టూ తొడిగారు. ఇక దిగమన్నా దిగదు. ఖర్చు సున్నా. కాకపోతే పైపు కొలత తీసింది తను కూర్చుని చూసుకుని. మామయ్యగారు ఆరడుగులకి అటూ ఇటూ. మా ఆయన పొడుగులో అత్తయ్యగారి పోలిక.

ఇప్పుడు కాళ్లు నేలకి జానెడు పైన వేలాడుతున్నాయి. అత్తయ్యగారు భోజనాల పీట తెచ్చి కింద వేశారు. మా ఆయన దాని మీద కాళ్లు పెట్టి, కాసేపు అటూ ఇటూ కదిపి, పాదాలు ఎంత వాలులో ఉండాలో ఫోన్లో వెతకడం మొదలుపెట్టారు. మా వాడు ప్రొట్రాక్టర్ స్కూల్ బ్యాగులో దాచేసుకున్నాడు.