అమెరికా వచ్చినప్పుడు తీరిగ్గా కలుద్దామట!

ఈ రోజు ఉదయం ఆరున్నరకు, ఇంకా కాఫీ గ్లాసు చేతికి రాకముందే, ఫోనులో నలభై మూడు సెకన్ల వాయిస్ మెసేజ్ ఒకటి వచ్చి పడింది. పంపినవాడు 1975 నుండి 1978 వరకు కావలి జవహర్ భారతి కళాశాలలో నాతోపాటు చదివి, నాతోపాటు ఒకే గదిలో ఉన్న మిత్రుడు. ఇప్పుడు కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ వాసి. చెన్నై విమానాశ్రయంలో కూర్చుని మాట్లాడుతున్నాడు. "ఏరా, నెల్లూరులో పెళ్లి పనులతోనే తొమ్మిది రోజులూ అయిపోయినాయి, ఒంగోలు రావడం కుదరలేదు, ఏమనుకోబాకు, వచ్చే ఏడు నువ్వు అమెరికా వచ్చినప్పుడు తీరిగ్గా కలుద్దాం" అన్నాడు. ఏమనుకోబాకు అన్నాడు కనుక ఏమీ అనుకోకూడదని మధ్యాహ్నం దాకా శతవిధాల ప్రయత్నించాను. భోజనం చేసి నడుం వాల్చాను. నిద్ర రాలేదు. లేచి ఇది రాస్తున్నాను.

నెల్లూరుకూ ఒంగోలుకూ మధ్య ఈ మధ్య కొత్తగా ఏదైనా మహాసముద్రం వచ్చి చేరిందేమో నాకు తెలియదు. నాకు తెలిసినంతవరకు నెల్లూరు దాటగానే పెన్న వంతెన వస్తుంది, తరువాత కావలి, ఆ తరువాత ఏడాదిలో సగం రోజులు ఇసుక తప్ప నీరు కనిపించని మన్నేరు, పాలేరు వస్తాయి, సింగరాయకొండ వస్తుంది, ఆపైన మా ఊరు వస్తుంది. పినాకిని ఎక్స్‌ప్రెస్ ఉంది, నవజీవన్ ఉంది, రాత్రి పూట కావాలంటే సింహపురి ఉంది. 2023 ఏప్రిల్ నుండి వందేభారత్ కూడా ఉంది. అది నెల్లూరులో కదిలితే తరువాత ఆగేది ఒంగోలులోనే. రెండు గంటల లోపు ప్రయాణం. తొమ్మిది రోజులకు రెండు వందల పదహారు గంటలు. అందులో రానుపోను నాలుగు గంటలు తీసేసినా పెళ్లికొడుకుకు పెద్ద నష్టం జరిగి ఉండేది కాదు.

ఇంత కోపం ఎందుకని మీకు అనిపించవచ్చు. విదేశాలలో స్నేహితులున్న ప్రతి ఒక్కరికీ ఇది అలవాటైన సంగతే కదా, మన ఊళ్లలో వీధికి పదిమంది ఇటువంటి మెసేజ్‌లు అందుకుంటున్నారు కదా అని మా ఆవిడ కూడా అన్నది. నిజమే. కాని నేను ఇతనిని చూడడానికి గత ఏడాది రైలులో దాదాపు 3,900 కిలోమీటర్లు వెళ్లాను.

మా అమ్మాయి షికాగో పక్కనున్న నేపర్‌విల్‌లో ఉంటుంది. షికాగోలో మధ్యాహ్నం రెండు గంటలకు బయలుదేరి శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గరి ఎమెరీవిల్ వరకు వెళ్లే కాలిఫోర్నియా జెఫిర్ అనే రైలు ఆ ఊరిలో ఆగుతుంది. మన దేశంలో డిబ్రూగఢ్ నుండి కన్యాకుమారికి వెళ్లే వివేక్ ఎక్స్‌ప్రెస్ నడిచే దూరం కంటే ఇది కొద్దిగా తక్కువ. సరిగ్గా నడిస్తే యాభై రెండు గంటలు పడుతుంది. విమానంలో అయితే నాలుగున్నర గంటల పని నాన్నా, ఈ వయసులో రెండు రాత్రులు కూర్చుని వెళతారా అని మా అమ్మాయి, అల్లుడు గారు ఎంతో చెప్పి చూశారు. హాస్టల్ రోజుల్లో మేము ముగ్గురం సాయంత్రం పూట కావలి స్టేషన్‌లో సిమెంటు బల్ల మీద కూర్చుని, ఆగకుండా దుమ్ము రేపుకుంటూ పోయే బండ్లను చూస్తూ, ఎప్పటికైనా ఒక బండిని మొదటి నుండి చివరి దాకా ఎక్కాలని చెప్పుకునేవాళ్లమని వారికి తెలియదు. ఆ ముగ్గురిలో ఇద్దరు కాలిఫోర్నియాలోనే స్థిరపడ్డారు. మరి నేను ఆ బండి ఎక్కక ఇంకేం ఎక్కుతాను?

మంగళవారం మధ్యాహ్నం ఎక్కాను. రెండంతస్తుల బండి, పై అంతస్తులో సీటు, కాళ్లు చాపుకోవడానికి మన రెండో తరగతి ఏసీలో కూడా దొరకనంత చోటు. మా అమ్మాయి కట్టిచ్చిన పులిహోర, దద్దోజనం, గోంగూర పచ్చడి పెట్టిన సంచి ఒకటి. మిత్రులకని ఇక్కడి నుండి మోసుకుపోయిన మలై ఖాజా, నేతి మైసూరు పాకు పెట్టిన సంచి ఇంకొకటి. బర్లింగ్‌టన్ దగ్గర సాయంకాలం మిసిసిపి నది దాటాము. పెన్న వంతెన మీద బండి శబ్దం మారినట్లే అక్కడా మారింది. అలవాటు చొప్పున జేబులో చిల్లర కోసం వెతుక్కుని, నవ్వుకుని ఊరుకున్నాను. కిటికీ అద్దాలు పైకప్పు దాకా వంపు తిరిగి ఉండే పెట్టె ఒకటి ఉంటుంది, ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు. అక్కడ, పాతకాలపు పద్ధతిలో బతికే ఆమిష్ అనే క్రైస్తవ శాఖకు చెందిన కుటుంబం ఒకటి పరిచయమైంది. నల్లకోటు, గడ్డం, టోపీ ఉన్న పెద్దాయన, తెల్ల కుచ్చు టోపీలు పెట్టుకున్న ఆడవారు. వారు విమానం ఎక్కరు, సొంత కారు పెట్టుకోరు, అందువల్ల దూరపు చుట్టాలను చూడడానికి రైలులోనే పోతారు. చెల్లెలి ఇంటికి వెళుతున్నామని ఆ పెద్దాయన చెప్పాడు. చెల్లెలి ఇంట్లో ఏమి పని అని అడిగాను. పనేమీ లేదు, చూసి చాలా కాలమయిందని అన్నాడు. ఆ మాటను ఇంగ్లీషులో రాసి ఫ్రీమాంట్‌కు పంపిద్దామా అని ఇప్పుడు ఆలోచిస్తున్నాను.

డెన్వర్ దాటిన తరువాత రాకీ పర్వతాలు మొదలవుతాయి. 1928లో తెరిచిన మోఫట్ సొరంగం పది కిలోమీటర్ల పొడవు ఉంటుంది. అందులో నుండి పోతున్నంతసేపు ఇంజను పొగ లోపలికి రాకుండా ఒక పెట్టె నుండి ఇంకొక పెట్టెకు ఎవరూ వెళ్లకూడదని ముందుగానే ప్రకటిస్తారు. పది నిమిషాలు చీకటి. బయటపడితే మంచు, ఆపైన గంటల తరబడి కొలరాడో నది పక్కనే ప్రయాణం. మూడవ రోజు రీనో తరువాత వచ్చే సియెర్రా నెవాడా కొండల దారి 1860లలో చైనా కూలీలు మంచులో, మందుగుండుతో రాళ్లు పేల్చి వేసినది. ఆ లోయలోకి చూస్తుంటే నా పక్కన ఇంకా ఇద్దరు ఉండవలసిందని అనిపించింది. అనిపించిన మాట చెప్పుకోవడానికి సిగ్గు ఎందుకు?

అక్కడ పట్టాలలో ఎక్కువ భాగం గూడ్సు కంపెనీలవి. ప్రయాణికుల బండికే ముందు దారి ఇవ్వాలని చట్టం ఉన్నా, మైలు పొడవుండే గూడ్సు బండి ముందుంటే చట్టం దాని వెనకాలే నిలబడాలి. మా బండి ఎడారిలో ఒకచోట, కొండల మీద ఒకచోట అలా నిలబడి, మధ్యాహ్నం రెండింటికి శాక్రమెంటో చేరవలసినది రాత్రి ఏడు దాటిన తరువాత చేరింది. ప్లాట్‌ఫాం మీద నా రెండవ మిత్రుడు ఉన్నాడు. శాక్రమెంటో నుండి ఎమెరీవిల్ దాకా ఆఖరి రెండు గంటలు నాతో కలిసి ప్రయాణం చేయాలని ముందే టికెట్టు కొనుక్కున్నాడట. బండి ఆలస్యమని ఫోనులో చూపిస్తూనే ఉంది. ఇల్లు అరగంట దూరం. పోయి పడుకుని రావచ్చు. పోలేదు. అరవై ఏడేళ్ల మనిషి, మోకాలికి ఆపరేషన్ అయినవాడు, స్టేషన్‌లో చెక్క బల్ల మీద ఐదు గంటలు కూర్చున్నాడు. ఎందుకు కూర్చున్నావురా అంటే, కావలిలో ఊరికే కూర్చోలేదా అన్నాడు. ఫ్లాస్కులో తెచ్చిన టీ అప్పటికి చల్లారిపోయింది. అదే తాగాము. ఆ రెండు గంటలలో మేము ఏమి మాట్లాడుకున్నామో సగం గుర్తులేదు. చీకటి పడిపోవడం వల్ల కిటికీలో మా ముఖాలు తప్ప ఏమీ కనిపించలేదు.

మరి మన ఫ్రీమాంట్ మిత్రుడు? వారం రోజులు తన ఇంట్లోనే ఉండాలని పిలిచినవాడు ఆయనే. బండి ఎమెరీవిల్‌లో ఆగుతున్న సమయానికి ఆయన దగ్గర నుండి సందేశం వచ్చింది. మరునాడు పొద్దున ఆఫీసులో ముఖ్యమైన సమావేశం ఉందట, ట్యాక్సీ చేసుకుని ఏదైనా హోటల్‌లో దిగితే ఆదివారం కలుద్దామట. శాక్రమెంటో మిత్రుడి కుమారుడు పక్కనే బర్కిలీలో ఉండబట్టి, వచ్చి మా ఇద్దరినీ తీసుకుపోయాడు. ఆదివారం ఒక హోటల్‌లో రెండున్నర గంటలు సమావేశమయ్యాము. అవును, సమావేశమే, ఆయన మూడుసార్లు గడియారం చూసుకున్నాడు. ఇడ్లీ తిన్నాము, ఫోటో తీసుకున్నాము, ఆ ఫోటో కింద "ఐదు దశాబ్దాల అనుబంధం" అని ఆయనే రాసి అందరికీ పంపుకున్నాడు. దానికి వచ్చిన లైకులు లెక్క పెట్టడానికి మాత్రం ఆయనకు తీరిక దొరికింది.

అన్నట్టు, టికెట్టు సంగతి ఒకటి చెప్పాలి, మళ్లీ మరచిపోతాను. అక్కడ అరవై ఐదేళ్లు దాటినవారికి పది శాతం తగ్గింపు ఉంది. పరాయి దేశపు ముసలివాడిని, ఆ దేశానికి ఒక్క రూపాయి పన్ను కట్టినవాడిని కాను, నాకూ ఇచ్చారు. మన దేశంలో అరవై దాటిన మగవారికి నలభై శాతం, యాభై ఎనిమిది దాటిన ఆడవారికి యాభై శాతం ఉండిన రాయితీ 2020 మార్చిలో ఆగింది, ఇప్పటికీ తిరిగి రాలేదు. కరోనా పోయింది, మాస్కులు పోయాయి, రాయితీ మాత్రం క్వారంటైన్‌లోనే ఉంది. ముందుగా రిజర్వేషన్ చేసుకునే గడువును కూడా నూట ఇరవై రోజుల నుండి 2024 నవంబరులో అరవై రోజులకు కుదించారు. సరే, ముసలివారు రెండు నెలలకు మించి దూరం ఆలోచించకపోవడమే మంచిదని కాబోలు. నా బాధ రాయితీ గురించి కాదు. అసలు విషయానికి వస్తాను.

ఆ వాయిస్ మెసేజ్‌లో నేను మీకు ఇంకా చెప్పని ఆఖరి తొమ్మిది సెకన్లు ఉన్నాయి. "అదిసరే గానీ, రామాయపట్నం కాడ ఎకరం ఎంత పలుకుతుందో నీకు తెలిసినోళ్లను అడిగి చెప్పు. మొన్న పోయి చూసొచ్చినాలే, ఎండ మాడిపోయింది." పోర్టు కడుతున్న రామాయపట్నం! నెల్లూరు నుండి అక్కడికి రావాలంటే కావలి దాటి రావాలి. మేము మూడేళ్లు చదివిన ఊరిని దాటి, మేము కూర్చున్న ఆ స్టేషన్‌ను దాటి, హైవే మీద ఆ ఎండలో వచ్చాడు. అక్కడి నుండి ఉలవపాడు, సింగరాయకొండ మీదుగా మా ఇంటికి గంట ప్రయాణం. కారు ఉంది. డ్రైవరు ఉన్నాడు. గట్లు చూశాడు, తుమ్మచెట్లు చూశాడు, సర్వే రాళ్లు చూశాడు. వీలు కాలేదట. నేను మనిషిని కాకుండా రోడ్డు పక్కన ముప్పై సెంట్ల స్థలాన్నయినా అయి ఉంటే వచ్చి, టేపు పెట్టి కొలిచి, ఫోటో తీసుకుని మరీ పోయేవాడు.

1986లో ఇతను మొదటిసారి అమెరికా వెళుతున్నప్పుడు నేను బ్యాంకులో రెండు రోజులు సెలవు పెట్టి నెల్లూరు నుండి మద్రాసుకు జనరల్ పెట్టెలో, ఇతని ట్రంకు పెట్టెను కాళ్ల మధ్య పెట్టుకుని నిలబడి వెళ్లాను. మీనంబాకంలో లోపలికి పోబోతూ, నా గడియారం నడవడం లేదురా, అక్కడ టైము తెలియక ఇబ్బంది పడతానేమో అన్నాడు. నా మొదటి జీతంతో కొనుక్కున్న హెచ్.ఎం.టి. గడియారం చేతి నుండి తీసి పెట్టాను. దిగగానే పార్సెల్‌లో పంపుతానన్నాడు. ఆదివారం హోటల్‌లో ఆయన మూడుసార్లు చూసుకున్నది వేరే గడియారం. డబ్బున్నవారు పెట్టుకునే రకం. ఇంత చిన్న విషయం మనసులో పెట్టుకున్నావా అంటారా? పెట్టుకున్నాను. నలభై ఏళ్లుగా పెట్టుకున్నాను.

సాయంత్రం జవాబు రాశాను. ఎకరం ధర రాయలేదు. గడియారం ఎప్పుడు పంపిస్తున్నావని ఒక్క వాక్యం రాశాను. ఆయన విమానంలో ఉన్నాడు కాబట్టి ఇంకా చూడలేదు.

శాక్రమెంటో మిత్రుడు సంక్రాంతికి వస్తున్నాడు. చెన్నైలో దిగి, కారు వద్దు, పినాకినిలో వస్తానని పట్టుపట్టాడు. మోకాలి కారణంగా మెట్ల వంతెన ఎక్కలేడు కనుక నేనే ముందుగా చెన్నై వెళ్లి వెంట తీసుకువస్తాను. అరవై రోజుల ముందు, ఉదయం ఎనిమిది గంటలకు బుకింగ్ తెరవగానే రెండు సీట్లు పట్టుకోవాలి. ఆ రోజు తేదీని క్యాలెండరు మీద ఎర్రసిరాతో చుట్టి పెట్టాను. కిటికీ సీటు అతనికి. బండి కావలిలో ఆగే ఆ ఒకటి రెండు నిమిషాలలో ఆ బల్ల ఇంకా ఉందో లేదో చూసి చెప్పమన్నాడు.