సవరణ: హెన్రీ మొలైసన్ కొత్తవి నేర్చుకోగలిగాడు

జ్ఞాపకశక్తిని అధ్యయనం చేసిన మనస్తత్వవేత్త బ్రెండా మిల్నర్ పరిశోధన గురించి మొన్న రాసిన పోస్టులో ఒక పెద్ద తప్పు దొర్లింది. 1953లో మూర్ఛ తగ్గడానికి చేసిన మెదడు ఆపరేషన్ తర్వాత హెన్రీ మొలైసన్ కొత్తగా ఏదీ నేర్చుకోలేకపోయాడని రాశాను. అది నిజం కాదు.

మిల్నర్ ఆయన చేత నక్షత్రం బొమ్మ జంట గీతల మధ్య పెన్సిల్‌తో గీయించారు, అదీ అద్దంలో మాత్రమే చూస్తూ. మొదట్లో మూల వచ్చినప్పుడల్లా చెయ్యి తప్పేది. మూడో రోజుకి గీత చక్కగా కుదిరింది. కానీ అంతకుముందు ఆ పని చేసినట్టే ఆయనకు గుర్తులేదు! జరిగిన సంగతుల జ్ఞాపకం వేరు, చేతికి అలవాటయ్యే జ్ఞాపకం వేరు అని తెలిసింది ఇక్కడే. నేను సరిగ్గా దాన్నే వదిలేశాను.

ఆ ఆపరేషన్‌లో హిప్పోకాంపస్ (కొత్త జ్ఞాపకాలు ఏర్పడటానికి కీలకమైన మెదడు భాగం) మొత్తం తీసేశారని రాయడమూ తప్పే. వెనక భాగం కొంత మిగిలే ఉందని తర్వాత స్కాన్లలో తేలింది. పాత పోస్టులో రెండూ సరిచేశాను.