బొమ్మల కథలు పిల్లలకు నిజమేదో తెలియకుండా చేస్తాయన్న వాదనపై

తల్లిదండ్రుల మధ్య కొంతకాలంగా ఒక సందేశం చేతులు మారుతూ వస్తోంది. కార్టూన్లు, కామిక్స్, కళ్లూ మూతీ పెట్టి తయారుచేసిన వస్తువులు పిల్లల మనసులో కల్పనకూ వాస్తవానికీ మధ్య ఉండవలసిన గీతను చెరిపేస్తాయనీ, కాబట్టి ఏడేళ్లు నిండేవరకు వాటిని ఇంట్లోకి రానివ్వకూడదనీ దాని సారాంశం. అందుకు అది ఐదు ఆధారాలు చూపుతుంది. ఏడేళ్లలోపు పిల్లలకు ఏది కల్పనో ఏది నిజమో తెలియదు. తొమ్మిది నిమిషాల కార్టూన్ మెదడును దెబ్బతీస్తుందని శాస్త్రజ్ఞులు నిరూపించారు. జపాన్‌లో ఒకే ఒక్క కార్టూన్ వందల మంది పిల్లలను ఆసుపత్రి పాలు చేసింది. కామిక్స్ పిల్లలను నేరస్థులుగా మారుస్తాయని అమెరికా సెనేట్ తేల్చింది. మన పెద్దల కాలంలో ఇలాంటి గందరగోళమే లేదు. వీటిలో కొన్ని నిజంగా జరిగిన సంఘటనలు, నిజంగా జరిగిన పరిశోధనలు; అందుకే చదివినవాళ్లు నమ్ముతున్నారు. కానీ వాటి నుంచి తీసిన నిర్ణయాలు నిలబడవు. ఈ భయంతో పిల్లల చేతిలోని బొమ్మల పుస్తకాన్ని లాక్కునేవరకు వెళుతున్నారు కనుక, ఒక్కొక్కటినీ విడివిడిగా పరిశీలించడం అవసరం.

మిగిలినవన్నీ మొదటి మాట మీదే నిలిచి ఉన్నాయి కాబట్టి దాని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి. 1986లో హెన్రీ వెల్‌మన్, డేవిడ్ ఎస్టెస్ అనే మనోవిజ్ఞాన పరిశోధకులు చిన్నపిల్లలకు ఇద్దరు అబ్బాయిల సంగతి చెప్పారు. ఒక అబ్బాయి దగ్గర బిస్కట్ ఉంది. రెండో అబ్బాయి బిస్కట్ గురించి ఆలోచిస్తున్నాడు. ఏ బిస్కట్‌ను చేత్తో ముట్టుకోవచ్చు, ఏది పక్కవాళ్లకు కూడా కనిపిస్తుంది అని అడిగితే, మూడేళ్ల పిల్లలు సైతం చాలావరకు సరైన జవాబే చెప్పారు. ఇరవై ఏళ్ల తర్వాత, 2006లో, డీనా స్కోల్నిక్, పాల్ బ్లూమ్ ఇంకా సూక్ష్మమైన ప్రశ్న అడిగారు. బ్యాట్‌మ్యాన్ నిజంగా ఉన్నాడా అంటే లేడని నాలుగైదేళ్ల పిల్లలు చెప్పారు. అయితే బ్యాట్‌మ్యాన్ దృష్టిలో అతని కథలోనే ఉండే సహచరుడు రాబిన్ నిజమైనవాడేనా అంటే అవునన్నారు. బ్యాట్‌మ్యాన్ దృష్టిలో వేరే కార్టూన్‌లోని స్పాంజ్‌బాబ్ నిజమా అంటే కాదు, అది అతనికి కూడా కట్టుకథేనన్నారు. అంటే ఆ వయసు పిల్లలకు కల్పనకూ నిజానికీ మధ్య ఉన్న గీత తెలియడమే కాదు, ఒక కల్పిత లోకానికీ ఇంకొక కల్పిత లోకానికీ మధ్య ఉన్న గీత కూడా తెలుసు. ఈ రెండోది పెద్దవాళ్లలో చాలామంది ఎన్నడూ ఆలోచించి ఉండరు.

మరి పిల్లలు బొమ్మల్లోని రాక్షసులకు ఎందుకు భయపడతారు? ఇక్కడ తెలియడం వేరు, జంకకుండా ఉండగలగడం వేరు. 1991లో పాల్ హారిస్ బృందం నాలుగేళ్ల, ఆరేళ్ల పిల్లలకు ఖాళీ పెట్టెను చూపించి, అందులో ఒక జంతువు ఉన్నట్టు ఊహించుకోమంది. కొందరు కుందేలును, కొందరు భయంకరమైన ప్రాణిని ఊహించుకున్నారు. పెట్టెలో నిజంగా ఏమీ లేదని ఒప్పుకున్న పిల్లల్లోనే కొందరు, గదిలో ఒంటరిగా ఉన్నప్పుడు, పెట్టె దగ్గరకు వెళ్లి తాకి చూశారు, తెరిచి చూశారు. రాత్రి ఆటకు దెయ్యం సినిమా చూసి వచ్చి, హాల్లో లైటు ఆర్పడానికి వెనుకాడే పెద్దమనిషికి దెయ్యాల మీద నమ్మకం ఉండనక్కర్లేదు. పిల్లల భయమూ అటువంటిదే. ఆ భయాన్ని ఆదరంగా చూడాలి, ఆ రాత్రికి పక్కన పడుకోబెట్టుకోవాలి. కానీ దాన్ని తెలివితక్కువతనంగా లెక్కవేసి, మతి చెడిపోతోందని ప్రచారం చేయడం పిల్లలకు అన్యాయం చేయడమే.

ఈ వాదనకు మద్దతుగా చూపించదగిన వాటిలో బరువైనది ఒకటుంది, దాన్ని దాటవేయకూడదు. 2007లో బ్రిటన్ వైద్యులు ఒక పిల్లల వైద్య పత్రికలో, సూపర్‌హీరో దుస్తులు వేసుకుని తీవ్రంగా గాయపడిన ఐదుగురు పిల్లల గురించి రాశారు. వారిలో ఎక్కువమంది ఎగరబోయి పడినవారు. ఐదుగురే కదా అని తీసిపారేయలేం. ఒక్క బిడ్డ పడినా పడినట్టే. అయితే అలా పడిన పిల్లవాడు తనకు రెక్కలున్నాయని నమ్మాడా, లేక ఆట ఉత్సాహంలో ఎత్తును తప్పుగా అంచనా వేశాడా అన్నది వేరే ప్రశ్న. మన ఊళ్లలో సంక్రాంతికి గాలిపటం మీద చూపు నిలిపి, డాబా అంచు దాటి పడిపోయే పిల్లలు ఉన్నారు. అక్కడ కల్పిత కథ ఏదీ లేదు, పిట్టగోడ సరిగా లేని డాబా ఉంది. రెండు చోట్లా చేయవలసిన పని ఒకటే: కిటికీకి ఊచలు, డాబాకు తగినంత ఎత్తున్న గోడ, దగ్గరలో ఒక పెద్దమనిషి. అదే వేషధారణ మంచికి కూడా పనికివస్తుందని 2017లో వెలువడిన ఒక అధ్యయనం చూపింది. నాలుగేళ్ల, ఆరేళ్ల పిల్లలు 180 మందికి విసుగు పుట్టించే పని ఒకటి ఇచ్చి, కావాలంటే మధ్యలో మానేసి ఆట ఆడుకోవచ్చన్నారు. తాము బ్యాట్‌మ్యాన్ వంటి ఇష్టమైన పాత్రలమని అనుకుంటూ చేసిన పిల్లలు అందరికంటే ఎక్కువసేపు పనిలో నిలిచారు.

రెండో ఆధారం తొమ్మిది నిమిషాల కార్టూన్. ఆ అధ్యయనం నిజమే. 2011లో ఆంజెలిన్ లిలార్డ్, జెన్నిఫర్ పీటర్సన్ దాన్ని పీడియాట్రిక్స్ పత్రికలో ప్రచురించారు. నాలుగేళ్ల పిల్లలు 60 మందిని మూడు జట్లుగా చేసి, ఒక జట్టుకు వేగంగా సాగే కార్టూన్, ఒక జట్టుకు ఒక చిన్నపిల్లవాడి దైనందిన జీవితాన్ని నిదానంగా చూపే కార్టూన్ వేశారు. మూడో జట్టు తొమ్మిది నిమిషాలూ బొమ్మలు గీసుకుంది. వెంటనే పరీక్షిస్తే, ఏకాగ్రతతో, నిగ్రహంతో చేయవలసిన పనుల్లో మొదటి జట్టు వెనుకబడింది. ఇక్కడ సందేశం రాసినవారు చెప్పకుండా వదిలేసిన సంగతి ఒకటుంది: రెండో జట్టు చూసింది కూడా కార్టూనే, ఆ పిల్లలు బొమ్మలు గీసుకున్నవారికి తీసిపోలేదు. కాబట్టి బొమ్మ కదలడం వల్ల హాని అన్న మాటను ఈ అధ్యయనమే తోసిపుచ్చుతోంది. 2015లో లిలార్డ్ బృందమే మళ్లీ పరీక్షించి, వేగం కంటే ప్రపంచంలో జరగడానికి వీల్లేని సంఘటనలు వరుసగా రావడమే కారణమై ఉండవచ్చని తేల్చింది. ఇది కొంతవరకు అవతలి పక్షానికి అనుకూలమైన ఫలితమే. అయినా అక్కడ కొలిచింది చూసిన వెంటనే కనిపించిన ప్రభావాన్ని. మెదడు చెడిపోవడాన్ని కాదు, నిజమేదో మరిచిపోవడాన్ని అసలే కాదు. వింత సంఘటనలను అర్థం చేసుకోవడానికి పిల్లల మనసు ఎక్కువ శ్రమపడిందనుకుంటే, అది వాటిని వింతలుగా గుర్తించిందనే అర్థం. తెర ముందు గడిపే సమయానికి హద్దు ఉండాలన్నది వేరే మాట, నేనూ దాన్ని సమర్థిస్తాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు రోజుకు గంట మించకూడదని చెప్పింది. ఆ సలహా కదలకుండా కూర్చోవడం గురించి, నిద్ర గురించి. తెర మీద ఉన్నది కార్టూనా, క్రికెట్టా అన్న తేడా దానికి లేదు.

జపాన్ సంఘటన 1997 డిసెంబరు 16 సాయంత్రం జరిగింది. పోకెమాన్ ధారావాహికలో ఆనాటి భాగం చూస్తున్న పిల్లలకు మూర్ఛలు, తలతిరగడం, వాంతులు వచ్చి, సుమారు 685 మందిని ఆసుపత్రులకు తరలించారు. కారణం కథ కాదు. ఒక పేలుడు దృశ్యంలో ఎరుపు, నీలం వెలుగులు సెకనుకు దాదాపు 12 సార్లు మారుతూ తెరంతా మెరిశాయి. కాంతి మెరుపుల వల్ల మూర్ఛ వచ్చే లక్షణం కొంతమందిలో పుట్టుకతోనే ఉంటుంది, వారికి అలాంటి మెరుపు ఎక్కడ కనిపించినా ప్రమాదమే. ఆ రాత్రి వార్తల్లో అదే దృశ్యాన్ని మళ్లీ చూపించినప్పుడు మరికొందరు అస్వస్థులయ్యారు. వార్తలు కల్పిత కథలు కావు. 2007లో లండన్ ఒలింపిక్స్ చిహ్నం కోసం తయారుచేసిన చిన్న ప్రచార చిత్రం వల్ల బ్రిటన్‌లో కొందరికి మూర్ఛలు వస్తే దాన్ని తొలగించారు. జపాన్ ప్రసార సంస్థలు కార్టూన్లను నిషేధించలేదు. మెరుపుల వేగానికి, ముఖ్యంగా ఎరుపు మెరుపులకు, హద్దులు పెట్టి, వెలుతురున్న గదిలో తెరకు దూరంగా కూర్చుని చూడమన్న సూచనను చేర్చాయి. ధారావాహిక నాలుగు నెలల తర్వాత మళ్లీ మొదలైంది.

సెనేట్ సంగతికి వద్దాం. ఫ్రెడరిక్ వెర్తమ్ అనే మానసిక వైద్యుడు 1954లో కామిక్స్ బాలనేరాలకు దారితీస్తున్నాయని ఒక పుస్తకం రాశారు. అదే ఏడాది ఏప్రిల్, జూన్ నెలల్లో న్యూయార్క్‌లో సెనేట్ ఉపసంఘం విచారణ జరిపింది. మరుసటి ఏడాది వచ్చిన నివేదిక నేరాలకు కామిక్సే కారణమని తేల్చలేదు. ప్రచురణకర్తలు తమను తాము అదుపులో పెట్టుకోవాలని కోరింది. ఆ భయంతో ప్రచురణకర్తలు అప్పటికే ఒక కఠినమైన నియమావళిని తమకు తామే విధించుకున్నారు, ఎన్నో పత్రికలు మూతపడ్డాయి. వెర్తమ్ దుర్మార్గుడు కాదు. న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో పేద నల్లజాతి కుటుంబాల కోసం చికిత్సాలయం నడిపారు. బడుల్లో జాతి వివక్ష పిల్లలకు చేసే హాని గురించి కోర్టులో సాక్ష్యం చెప్పారు. కానీ 2010లో ఆయన కాగితాలు పరిశోధకులకు అందుబాటులోకి వచ్చాక, కారల్ టిల్లీ అనే ఆచార్యురాలు వాటిని పుస్తకంతో పోల్చి చూసి, 2012లో తన పరిశీలనను ప్రచురించారు. పిల్లల వయసులు మార్చడం, ఒకరి మాటలను పలువురు చెప్పినట్టు రాయడం, పిల్లల ఇళ్లలోని హింస వంటి ఇతర కారణాలను వదిలేయడం ఆమెకు కనిపించాయి. ఇంటి కష్టాల్లో నలిగిన పిల్లల బాధకు కారణాన్ని పది సెంట్ల కామిక్ పుస్తకంలో వెతకడం వల్ల, అసలు కారణం మీద నుంచి చూపు మళ్లింది. నాకు ఈ మొత్తం చరిత్రలో అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

పెద్దల కాలంలో ఈ గందరగోళం లేదన్న మాట మన కళలను ఎరిగినవారు అనగలిగింది కాదు. తోలుబొమ్మలాటలో రామరావణ యుద్ధం రసవత్తరంగా సాగుతుండగా జుట్టుపోలిగాడు, బంగారక్క తెర మీదికి వచ్చి, ఆ ఊరి సంగతులు, నిన్నమొన్నటి గొడవలు మాట్లాడి నవ్విస్తారు. లంకకూ తమ ఊరికీ మధ్య ఉన్న హద్దును బొమ్మలు దాటుతుంటే, చంకలో బిడ్డ నుంచి ముసలివారి వరకు తెల్లవార్లూ కూర్చుని ఆనందించారు. దీపం వెలుగులో మేకతోలు బొమ్మ ఆడుతోందని వారిలో ఎవరికి తెలియదు? అనంతపురం ప్రాంతపు నిమ్మలకుంటలో ఆ బొమ్మలు చేసే కుటుంబాలు ఈనాటికీ ఉన్నాయి. 1947 జులైలో మొదలైన చందమామ పత్రికలో, శవాన్ని భుజాన వేసుకుని శ్మశానం వైపు నడిచే విక్రమార్కుడి బొమ్మను చూస్తూ తెలుగు పిల్లలు తరతరాలుగా పెరిగారు. శవం మాట్లాడుతుందని వారు నేర్చుకోలేదు. బేతాళుడి ప్రశ్నకు రాజు చెప్పిన జవాబు న్యాయమా కాదా అని అక్కచెల్లెళ్లతో, అన్నదమ్ములతో వాదించుకోవడం నేర్చుకున్నారు.

గీసిన బొమ్మ తాను బొమ్మనన్న సంగతిని దాచదు. దాచేది ఫోటోను అనుకరించే నకిలీ. 2024లో హాంకాంగ్‌లో ఒక సంస్థ ఉద్యోగి, తన పైఅధికారుల రూపాలతో తయారుచేసిన నకిలీ వీడియో కాల్‌ను నమ్మి దాదాపు రెండున్నర కోట్ల డాలర్లు పంపించిన సంగతి లోకమంతటికీ తెలుసు. మోసపోయినది నాలుగేళ్ల పిల్లలు కారు.

ఇన్ని చెప్పాక, సందేశం పూర్తిగా వదిలేసిన ఒక ప్రమాదాన్ని చెప్పాలి. బొమ్మ నిజం కాదని పిల్లలకు తెలుసు. దాన్ని తమ ముందు ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో తెలియదు. 1991లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు 229 మందికి కొన్ని చిహ్నాలు ఇచ్చి, అవి ఏ వస్తువులవో జతపరచమన్నారు. క్యామెల్ సిగరెట్ల ప్రకటనల్లోని ఒంటె బొమ్మను ఆరేళ్ల పిల్లల్లో 91 శాతం మంది సిగరెట్‌తో జతపరిచారు. మిక్కీ మౌస్‌ను వారు గుర్తించింది కూడా దాదాపు అంతే. ఒంటె సిగరెట్ కాల్చదని ఆ పిల్లల్లో ఎవరికీ సందేహం ఉండి ఉండదు. ఆ తెలివి వారిని కాపాడలేదు, ఎందుకంటే ప్రకటన కోరింది నమ్మకాన్ని కాదు, ఇష్టాన్ని. ప్రజల ఒత్తిడి, కోర్టు వ్యాజ్యాల తర్వాత 1997లో కంపెనీ ఆ బొమ్మను మానుకుంది.

ఎనిమిదేళ్లలోపు పిల్లలకు ప్రకటన వెనుక ఉన్న అమ్మకపు ఉద్దేశం అర్థం కాదనీ, వారిని లక్ష్యంగా చేసుకునే ప్రకటనలను పరిమితం చేయాలనీ అమెరికా మనోవిజ్ఞాన సంఘం నియమించిన బృందం 2004లో చెప్పింది. సందేశం కథల పుస్తకాలకు అంటగట్టినలాంటి వయసు హద్దు నిజానికి ఇక్కడ వర్తిస్తుంది. మన దేశంలో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2020లో తెచ్చిన నిబంధనలు, కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువగా ఉన్న తినుబండారాలను బడి ఆవరణలోనూ, దాని చుట్టూ 50 మీటర్ల లోపలా అమ్మడాన్ని, ప్రచారం చేయడాన్ని నిషేధించాయి. ఆ 50 మీటర్లు దాటాక కిరాణా కొట్టులో పిల్లల కళ్లకు ఎదురుగా వేలాడే పొట్లం మీది బొమ్మకు ఆ నిబంధన అడ్డు రాదు. పిల్లల గురించి ఆందోళన పడే తల్లిదండ్రులు అడగవలసినది ఆ పొట్లం గురించే.