స్టవ్ మీద పక్కటెముక

మా అత్తగారు తెనాలి నుంచి వచ్చి నెల తిరక్కుండానే, ఫ్లోరిడాలోని మా వంటింట్లో నేను ఎముక కాల్చాను. అదీ శుక్రవారం పూట, ఆవిడ దీపం పెట్టి లేచిన ఐదు నిమిషాలకి.

ఇక్కడ పీస్ నదిలో మోకాల్లోతు నీళ్లలో నిలబడి గులకరాళ్లు జల్లిస్తే మంచుయుగపు ఎముకలు దొరుకుతాయి. సొరచేప పళ్లకి అక్కర్లేదు గానీ, ఏనుగులూ గుర్రాలూ లాంటి వాటి శిలాజాలు ఏరుకోవాలంటే పర్మిట్ ఉండాలి. అది చేతికొచ్చిన రోజు నుంచి నన్ను నేను శాస్త్రవేత్త కింద లెక్కేసుకుంటున్నాను. నా గురి నేల స్లాత్‌ల మీద. ఇప్పుడు చెట్లకి తలకిందులుగా వేలాడే బద్ధకపు జంతువులకి అవి చుట్టాలు. ఏనుగంత ఎరిమోథీరియం, దానికంటే చిన్నవి పారామైలోడాన్, మెగాలోనిక్స్, మూడూ ఈ నేల మీద తిరిగినవే. పన్ను చూపించండి, పేరు చెప్పేస్తాను. నలుపలకగా ఉండి పైన అడ్డంగా రెండు గట్లుంటే ఎరిమోథీరియం. కింది దవడ చివరి పన్ను ఎనిమిది అంకెలా నడుం నొక్కుకుపోయి ఉంటే పారామైలోడాన్. దేనికీ ఎనామిల్, అంటే పంటి పైనుండే గట్టి పొర, ఉండదు.

తీరా నాకు దొరికింది పన్ను కాదు, జానెడు పక్కటెముక ముక్క. దాన్ని పట్టుకుని జాతి తేల్చడం ఆరితేరిన వాళ్లకే కష్టం. నేను మాత్రం కారెక్కేలోపే ఎరిమోథీరియం అని ఖాయం చేసేశాను. ఎలాగూ అనుకుంటున్నప్పుడు చిన్నదాన్ని అనుకోవడమెందుకు?

నదిలో నానితే నిన్నమొన్నటి ఎముక కూడా నల్లబడుతుంది కాబట్టి ఒక పరీక్ష ఉంది. నిప్పు తగిలిస్తే కొత్త ఎముకలో ఉన్న కొల్లాజెన్ అనే మాంసకృత్తు కాలి జుట్టు కాలిన కంపు కొడుతుంది. రాయిగా మారిన ఎముక కొట్టదు. అగ్గిపుల్ల చాలు. కానీ ఇంట్లో ఉన్న ఒక్క అగ్గిపెట్టే దేవుడి దగ్గరుంది. దాన్ని ముట్టుకునే ధైర్యం లేక స్టవ్ వెలిగించి, పట్టకారుతో ఎముకని మంట మీద పెట్టాను.

కంపూ, పొగ అలారమూ ఒకేసారి లేచాయి.

"ఏవండీ, ఏం తగలబెట్టారు?" అంటూ మా ఆవిడ తువ్వాలుతో అలారం కింద విసరడం మొదలుపెట్టింది. అత్తగారు పరుగున వచ్చి ముందు తన జడ తడుముకున్నారు, తర్వాత కూతురి జడ. రెండూ క్షేమమని తేలాక నా వైపు చూశారు.

"పదివేల ఏళ్ల కిందటి జంతువండీ," అన్నాను, గొంతు పెగుల్చుకుని.

ఆవిడ కళ్లజోడు సవరించుకుని ఎముక కొస చూశారు. "పదివేల ఏళ్ల కిందట రంపాలున్నాయా బాబూ?"

నిజమే. కొస నున్నగా, తిన్నగా తెగి ఉంది. ఎవరో ఒడ్డున బార్బెక్యూ చేసుకుని నదిలోకి విసిరేసిన గొడ్డు పక్కటెముక. ఆ సంగతి తెలిశాక ఆవిడ స్టవ్ వైపు రాలేదు. చింతపండూ పీచూ నా చేతికిచ్చి గడప అవతల నిలబడ్డారు.

తోముతూ, తర్వాత అమెరికా అధ్యక్షుడైన జెఫర్సన్‌ని తలుచుకున్నాను. 1797లో ఆయన వర్జీనియా గుహలో దొరికిన గోళ్లు చూసి సింహంలాంటి జంతువని ఫిలడెల్ఫియా పండితుల ముందు చదివాడు. రెండేళ్లకి విస్టార్ అనే వైద్యుడు అది స్లాత్‌కి దగ్గరగా ఉందన్నాడు. అయినా 1822లో ఆ జంతువుకి ఆయన పేరే పెట్టారు, ఇప్పుడు దాన్ని మెగాలోనిక్స్ జెఫర్సోనీ అంటారు. పొరబాటు పడినా గొప్పవాళ్లకి గొప్పే. నాకు పీచు మిగిలింది.

పై వారం ఒక పన్ను దొరికింది. ఈసారి స్టవ్ జోలికి పోకుండా తిన్నగా అత్తగారి చేతిలో పెట్టాను. ఆవిడ అటూ ఇటూ తిప్పి, గోటితో గీరి, వెలుతురులో పట్టి చూశారు.

"ఇది మనం ఎరిగిన జంతువుది కాదు బాబూ."

కాళ్లకి దండం పెట్టాను.