మహారాజశ్రీ 'స్టాక్ లేదు' గారికి

అయ్యా, మళ్లీ దయచేశారు, సంతోషం. హెచ్ఐవీ ఉన్నవాళ్లకు ఉచితంగా మందులిచ్చే మా సెంటర్లో, కౌంటరు అద్దానికి తమరిని టేపుతో అంటించేసరికి మధ్యాహ్నం దాటింది. పొద్దుటి నుంచి వరుసలో ఉన్నవాళ్లకు మూడు నెలల టీఎల్‌డీ (మేం రోజూ వేసుకునే హెచ్ఐవీ మాత్ర) డబ్బాలకు బదులు కాగితం పొట్లంలో పది మాత్రలు చేతిలో పడ్డాయి. డబ్బాలో తేమ పీల్చే పొట్లం ఎందుకు పెడతారో, విప్పి పంచితే ఏమవుతుందో తమరికి తెలియంది కాదు.

కూలి పోయింది, బస్సు చార్జీ పోయింది, మేస్త్రీకి చెప్పడానికి కొత్త అబద్ధం వెతుక్కోవాలి. అలవాటే, పోనివ్వండి.

పోనివ్వలేనిది తమరి లెక్క. సెంటర్లో వెయ్యి మంది ఉంటే నెలకు 30,000 మాత్రలు కావాలి. తమరు వేంచేసిన నెలలో తలకు పది చొప్పున 10,000 ఇచ్చారు. రిపోర్టులో 'వాడకం 10,000' అని పడింది. ఆ అంకె చూసి వచ్చే ఇండెంటు (సరుకు కావాలని పైకి పంపే చీటీ) రాస్తే అడిగేదీ తగ్గుతుంది, వచ్చేదీ తగ్గుతుంది, తమరు మళ్లీ ప్రత్యక్షం! అన్నం పెట్టకుండా 'పిల్లాడు తినట్లేదు, బియ్యం తగ్గించండి' అన్నట్టుంది. ఇండెంటు మనుషుల్ని లెక్కపెట్టి రాయాలి: మందు మీదున్నవాళ్లు, కొత్తగా చేరేవాళ్లు, ఒక్కొక్కరికి నెలకు 30, ఆపైన సరుకు ఆలస్యమైతే ఆదుకునే నిల్వ. అందులోంచి చేతిలో ఉన్నది తీసేయాలి. అయిదో క్లాసు లెక్క సార్ ఇది.

మేం మాత్రం ఇచ్చిన మాత్రల్లో కనీసం 95 శాతం వేసుకోవాలి. మిగిలిన మాత్రలు లెక్కపెట్టి, 30లో రెండు మానేస్తే క్లాసు పీకుతారు. తమరు ఇరవై ఎగ్గొడితే కౌన్సెలింగ్ ఎవరికి?

2004లో ఉచిత మందులు మొదలైనప్పుడు పూటపూటకీ మాత్ర. ఇప్పుడు మూడు మందులూ కలిపి రోజుకొక్కటే. మన హైదరాబాద్ కంపెనీలే తయారుచేసి ఆఫ్రికా దేశాలకు ఓడల్లో పంపుతున్నాయి. 2022లో ఇదే మందుల కోసం ఢిల్లీలో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (NACO) ఆఫీసు దగ్గర మావాళ్లు రోజుల తరబడి ధర్నా చేశారు. అయినా తమరికి సిగ్గు లేదు.

మందు ఆగితే కొన్ని వారాల్లోనే వైరస్ లేస్తుంది. ఏడాదికోసారి చేసే వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందో చూసే) పరీక్షలో అది బయటపడితే 'మందులు సరిగ్గా వేసుకోలేదు' అని తిట్లు మాకే. నిల్వ నెల రోజులకు పడిపోయిన నాడే నోరు విప్పితే పక్క సెంటరు నుంచి సర్దుకోవచ్చు కదా! ఒక్క ఫోనుతో పోయేదానికి మా ప్రాణాలతో ఆటలేంటి?

ఇట్లు,
గ్రీన్ బుక్కు (మా చికిత్స వివరాలు రాసే పుస్తకం) చేతబట్టుకున్నవాళ్లు