సవరణ: కారులో ట్యాబ్ పెట్టుకునేవాళ్లు ఇది చూడండి

పాత ట్యాబ్‌ను కారులో మ్యాప్ స్క్రీన్‌గా వాడుకోవచ్చని, ఏ ట్యాబైనా పర్లేదని, కారు యూఎస్‌బీకి కేబుల్ పెడితే చాలని పోయినసారి రాశాను. ఆ చివరి రెండు మాటలూ తప్పు, క్షమించండి.

వైఫై మాత్రమే ఉన్న ఐప్యాడ్‌లో జీపీఎస్ ఉండదు, సిమ్ పట్టే మోడల్‌లోనే ఉంటుంది. మొన్న నల్లగొండ నుంచి దేవరకొండ పోతూ ఆండ్రాయిడ్ ఫోన్ హాట్‌స్పాట్ ఇచ్చాను, మ్యాప్ బాగానే తెరుచుకుంది గానీ నీలం చుక్క ఊరు దాటకముందే ఆగిపోయి, మేం ఎంత దూరం పోయినా అక్కడే ఉంది. ఆండ్రాయిడ్ వైఫై ట్యాబ్‌లలో కొన్నిటికి జీపీఎస్ ఉంటుంది, కొనేముందు స్పెసిఫికేషన్లలో చూసుకోండి.

ఇక చార్జింగ్. చాలా పాత కార్ల యూఎస్‌బీలో వచ్చేది 5 వోల్టులు, 0.5 ఆంపియర్, అంటే 2.5 వాట్లే. స్క్రీన్ ఫుల్ వెలుతురులో ఉంటే కేబుల్ ఉన్నా బ్యాటరీ దిగుతూనే ఉంటుంది. లైటర్ సాకెట్‌లో పెట్టే మంచి చార్జర్ తీసుకోండి.

ఇంకోటి, కారు ఎండలో ఆపినప్పుడు ట్యాబ్ వెంట తీసుకెళ్లండి. ఐప్యాడ్‌ను 35 డిగ్రీల లోపే వాడమని ఆపిల్ చెబుతుంది, మన దగ్గర మే నెలలో బయటే 40 దాటుతుంది.